ఇంజన్ ఆయిల్ కారుతోందా? ముందు గాలి సంగతి చూడండి

ప్రశ్న: నా ట్రైనర్ మోడల్ విమానానికి (రిమోట్‌తో ఎగరేయడం నేర్చుకునే చిన్న విమానం) 0.46 క్యూబిక్ అంగుళాల టూ స్ట్రోక్ గ్లో ఇంజన్ (కాగే తీగ ఉన్న గ్లో ప్లగ్‌తో ఇంధనం మండేది) బిగించాను. ఇది నాకంటే ముందు మరొకరు వాడిన ఇంజన్. ఎగరేసిన ప్రతిసారీ సైలెన్సర్ అతుకు దగ్గర, ప్రొపెల్లర్ వెనక, ఇంజన్ కింద ఉన్న ప్లైవుడ్ గోడ మీద ఆయిల్ కనిపిస్తోంది. ఫుల్ థ్రోటిల్‌లో బాగానే తిరుగుతుంది గాని స్లోలో, అంటే థ్రోటిల్ తగ్గించి నెమ్మదిగా తిప్పేటప్పుడు, నిలకడ లేదు. ఒక్కోసారి థ్రోటిల్ పూర్తిగా తగ్గించినా వేగం వెంటనే దిగదు. ఒక మిత్రుడు అతుకులన్నిటికీ సిలికాన్ సీలెంట్ పూసెయ్యమంటున్నారు. ఇంకొకరు ఇంజనే మార్చెయ్యమంటున్నారు. నన్నేం చెయ్యమంటారు?

సమాధానం: ఆ రెండు సలహాలూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇది చిన్న లీకే, ఇంట్లో కూర్చుని సరిచేసుకోదగినదే. అయితే మీకు మూడు చోట్ల ఆయిల్ కనిపించిందంటే మూడు లీకులున్నాయని అర్థం కాదు. ఆ మూడింటిలో ఏది సహజం, ఏది లోపం, ఏది వేరేచోట నుంచి వచ్చి అక్కడ చేరింది అన్నది తేల్చుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే, బాగున్న అతుకును కూడా విప్పి కొత్త లీకును కొనితెచ్చుకున్నట్టవుతుంది.

ముందుగా ఒక చిన్న లెక్క చూడండి. గ్లో ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్, దానికి తోడు కొంత నైట్రోమీథేన్, ఆపైన సాధారణంగా 15 నుంచి 20 శాతం దాకా ఆయిల్ ఉంటాయి. కారు ఇంజనులో లాగా ఈ ఆయిల్ అడుగున నిల్వ ఉండి మళ్ళీ మళ్ళీ తిరిగేది కాదు. ఇంధనంతో పాటే లోపలికి వెళ్ళి, బేరింగులను, పిస్టన్‌ను తడిపి, చాలా భాగం కాలకుండానే సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. మీ ట్యాంకు 300 మిల్లీలీటర్లదనీ, ఇంధనంలో ఆయిల్ 18 శాతమనీ అనుకుంటే, ట్యాంకు ఖాళీ అయ్యేసరికి 54 మిల్లీలీటర్ల ఆయిల్ ఇంజన్ గుండా ప్రవహించినట్టు. అది ఎక్కడో ఒకచోట కనిపించి తీరాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నోమ్, ల రోన్ వంటి అసలు విమానాల రోటరీ ఇంజన్లు కూడా కందెనగా ఆముదాన్నే వాడేవి, ఆ ఆముదం కూడా ఇలాగే తిరిగి రాకుండా బయటికే పోయేది. కాబట్టి విమానం ఒక పక్కంతా జిడ్డుగా ఉండటం మాత్రమే లీకుకు గుర్తు కాదు.

మరి ఏ లీకును పట్టించుకోవాలి? నా దృష్టిలో ప్రమాణం ఒక్కటే: ఆ సందులోంచి గాలి లోపలికి వెళ్తోందా లేదా అన్నది. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ పైకి లేచేటప్పుడు క్రాంక్‌కేస్‌లో (పిస్టన్ కింద క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గది) పీడనం తగ్గి, కార్బ్యురేటర్ గుండా గాలి, ఇంధనం కలిసి లోపలికి వస్తాయి. పిస్టన్ దిగేటప్పుడు అదే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి ఆ మిశ్రమం సిలిండర్ పైభాగానికి చేరుతుంది. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే ఇంజనులో ఈ పీల్చడం, నెట్టడం సెకనుకు 200 సార్లు జరుగుతాయి. క్రాంక్‌కేస్‌కు ఎక్కడైనా సన్నని సందు ఉంటే, నెట్టినప్పుడల్లా అందులోంచి ఆయిల్ బయటికి వస్తుంది, పీల్చినప్పుడల్లా గాలి లోపలికి పోతుంది. కంటికి కనిపించేది ఆయిల్, ఇంజనుకు చేటు చేసేది గాలి. కార్బ్యురేటర్ లెక్కలోకి రాని ఆ అదనపు గాలి వల్ల మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గుతుంది. దీన్నే మనం లీన్ అవడం అంటాం. ఇంధనం తగ్గితే దానితో పాటు వచ్చే ఆయిలూ తగ్గుతుంది, చల్లబరిచే మిథనాలూ తగ్గుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది.

ఈ గాలి ప్రభావం ఫుల్ థ్రోటిల్‌లో అంతగా తెలియదు. కార్బ్యురేటర్ నోరు బార్లా తెరిచి ఉన్నప్పుడు లోపలికి వచ్చే మొత్తం గాలిలో లీకు గాలి పాలు చాలా తక్కువ. స్లోలో ఆ నోరు దాదాపుగా మూసుకుంటుంది, లోపల పీల్చే బలం పెరుగుతుంది, సందు మాత్రం అంతే ఉంటుంది. అందుకే స్లో నిలకడగా ఉండకపోవడం, థ్రోటిల్ తగ్గించినా వేగం కాసేపు పైనే వేలాడటం గాలి లీకుకు తొలి గుర్తులు. మీ ఉత్తరంలో నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకున్న వాక్యం అదే. సైలెన్సర్ దగ్గరి జిడ్డు కంటే ఆ వాక్యమే మీ ఇంజన్ గురించి ఎక్కువ చెబుతోంది.

ఇక వెతకడం ఎలాగో చూద్దాం. గ్లో ప్లగ్‌కు పెట్టే బ్యాటరీని దూరంగా ఉంచండి, ట్యాంకులో ఇంధనం తీసెయ్యండి. ఇంజన్ మొత్తాన్ని మిథనాల్‌లోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లోనో ముంచిన పాత టూత్ బ్రష్‌తో రుద్ది, ఇంజన్‌ను చల్లబరిచే లోహపు రెక్కల మధ్య, స్క్రూ తలల చుట్టూ, కార్బ్యురేటర్ మెడ (అది ఇంజనులోకి దిగే చోటు) కింద పాత జిడ్డు ఏమాత్రం మిగలకుండా శుభ్రం చెయ్యండి. మిథనాల్ విషం. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది, దాని మంట పగటి వెలుగులో కంటికి సరిగా కనిపించదు. కాబట్టి చేతులకు తొడుగులు వేసుకుని, గాలి బాగా ఆడే చోట, దరిదాపుల్లో నిప్పు లేకుండా ఈ పని చెయ్యండి. పూర్తిగా ఆరిన తర్వాత ఒక మెత్తటి బ్రష్‌తో అతుకుల మీద మాత్రమే టాల్కం పౌడర్ పలుచగా అద్దండి. కార్బ్యురేటర్ నోటి దగ్గరికి పౌడర్ పోనివ్వకండి. తర్వాత ఇంధనం పోసి, ఇంజన్‌ను నేల మీదే ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపెయ్యండి. అంతకంటే ఎక్కువసేపు నడిపితే ఆయిల్ అంతటా పాకి, మొదలు ఎక్కడో తెలియకుండా పోతుంది.

ఇప్పుడు మంచి వెలుతురులో దగ్గరగా చూడండి. తెల్లటి పౌడర్ మీద తడిసిన చోటు ముదురు రంగులో స్పష్టంగా కనిపిస్తుంది. ప్రొపెల్లర్ గాలి అన్నిటినీ వెనక్కి తోస్తుంది కాబట్టి, తడి గీతకు అన్నిటికంటే ముందున్న కొసే లీకు ఉన్న చోటు. వెనక ఉన్నదంతా అక్కడి నుంచి పాకినదే. రంగు కూడా చూడండి. ఇంధనానికి ఉన్న రంగులోనే, పలుచగా, తేటగా ఉంటే అది కాలకముందే బయటపడినది, అంటే కార్బ్యురేటర్, క్రాంక్‌కేస్, ట్యాంకు, గొట్టాల వైపు నుంచి వచ్చినది. గోధుమ రంగులో చిక్కగా ఉంటే కాలిన తర్వాత వచ్చినది, అంటే హెడ్ (సిలిండర్ పై మూత), ప్లగ్, సైలెన్సర్ వైపుది. నల్లగా, బూడిద కలిపినట్టుగా ఉంటే లోహం అరిగి అందులో కలుస్తోందని అర్థం. సైలెన్సర్ అతుకు దగ్గర అలాంటి నల్లటి జిడ్డు ఉంటే బోల్టులు వదులై రెండు అల్యూమినియం ముఖాలు ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి. ప్రొపెల్లర్ వెనక అలా కనిపిస్తే ముందు బేరింగ్‌ను అనుమానించాలి.

పౌడర్ చూపించిన చోటు నిజంగా గాలి పీలుస్తోందా అన్నది ఇంజన్ ఆగి ఉండగానే తేల్చుకోవచ్చు. తిరుగుతున్న ప్రొపెల్లర్ వెనక చెయ్యి పెట్టి ఆయిల్ చుక్కలు వేసి చూసేవారున్నారు. దయచేసి ఆ పద్ధతి జోలికి వెళ్ళకండి. గ్లో ప్లగ్ విప్పి తీసెయ్యండి, అప్పుడు ప్రొపెల్లర్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది. థ్రోటిల్ పూర్తిగా తెరిచి, ఇంధన గొట్టాన్ని నొక్కి మూసి, కార్బ్యురేటర్ నోటిని వేలితో గట్టిగా మూయండి. కార్బ్యురేటర్ మెడ చుట్టూ ఒక చుక్క పలుచని ఆయిల్ వేసి, ఇంజన్ మామూలుగా తిరిగే దిక్కుకే ప్రొపెల్లర్‌ను మెల్లగా తిప్పించండి. ఇందుకు ఇంకొకరి సాయం ఉంటే మంచిది. వేలిని లోపలికి లాగుతున్నట్టు తెలుస్తుంది. ఆ క్షణంలో మెడ దగ్గరి ఆయిల్ చుక్క లోపలికి ఇంకిపోతే గాలి అక్కడి నుంచే పోతోంది. వెనక పలక (క్రాంక్‌కేస్‌కు వెనక మూత) అతుకు మీద కూడా ఇలాగే చుక్క వేసి చూడండి. అక్కడ పిస్టన్ పైకి లేచేటప్పుడు చుక్క లోపలికి పోవడం, దిగేటప్పుడు బుడగగా బయటికి రావడం రెండూ కనిపిస్తాయి.

వాడిన ఇంజన్లలో నేను ముందుగా చూసేది కార్బ్యురేటర్ మెడ. అక్కడ క్రాంక్‌కేస్‌కూ కార్బ్యురేటర్‌కూ మధ్య ఓ-రింగ్ అనే రబ్బరు వలయం ఒకటి ఉంటుంది. వేడికి, నొక్కుడుకు అది ఏళ్ళ తరబడి అణగి, గుండ్రంగా ఉండవలసినది పలకలా చదునవుతుంది. దాన్ని తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడండి. మెత్తగా వంగి మళ్ళీ మామూలుగా కాకపోయినా, పగుళ్ళు కనిపించినా మార్చెయ్యండి. కొత్తది అదే కొలతలో, మిథనాల్‌ను తట్టుకునే రబ్బరుతో చేసినదై ఉండాలి. దానికి కాస్త ఆయిల్ రాసి కూర్చోబెట్టి, కార్బ్యురేటర్‌ను బొటనవేలితో కిందికి గట్టిగా అదిమి పట్టుకుని, ఆ అదుము వదలకుండానే బిగింపు స్క్రూ తిప్పండి. చాలామంది ఈ అదమడం మరిచిపోతారు. అప్పుడు స్క్రూ బిగుస్తుంది గాని ఓ-రింగ్ నొక్కుకోదు, లీకు అలాగే ఉంటుంది. తర్వాత స్క్రూను ఇంకా ఇంకా బిగిస్తారు, కార్బ్యురేటర్ మెడ సాగుతుంది లేదా పగులుతుంది. మీ లక్షణాలకు కారణం ఇక్కడే దొరుకుతుందని నా గట్టి అనుమానం. కార్బ్యురేటర్ చేతిలో ఉండగానే ఇంధనం పాలును సరిచేసే మెయిన్ నీడిల్ (ఫుల్ థ్రోటిల్‌కు) మీద, స్లో నీడిల్ (స్లోకు) మీద ఉన్న చిన్న ఓ-రింగులను కూడా చూడండి. వాటిలో ఏది తెగినా నీడిల్ పక్కనుంచి గాలి పోతుంది, ఎంత తిప్పినా సెట్టింగ్ నిలవదు. మెయిన్ నీడిల్‌కు బయటి నుంచి బిగుతుగా పట్టే చిన్న సిలికాన్ గొట్టం ముక్కను తొడిగితే, సరైన ఓ-రింగ్ దొరికేదాకా పని నడుస్తుంది.

వెనక పలక విషయానికి వస్తే, సాధారణంగా అది 4 స్క్రూలతో క్రాంక్‌కేస్‌కు బిగించి ఉంటుంది, మధ్యలో కాగితం గాస్కెట్ (సందు మూసే పలుచని పొర) గాని ఓ-రింగ్ గాని ఉంటుంది. ముందుగా స్క్రూలు వదులుగా ఉన్నాయేమో చూడండి. చాలాసార్లు కథ అక్కడితోనే ముగుస్తుంది. ఆలన్ కీ పొడుగు కొసను స్క్రూ తలలో పెట్టి, పొట్టి కొసను వేళ్ళతో తిప్పితే చాలినంత బిగుతు వస్తుంది. పొడుగు కొసను పట్టుకుని బలం పెడితే అల్యూమినియంలో మర తెగిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఒక స్క్రూను పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి వెళ్ళకుండా, ఎదురెదురు స్క్రూలను కొంచెం కొంచెంగా బిగిస్తూ రండి. గాస్కెట్ చిరిగి ఉంటే కొత్తది మీరే కత్తిరించుకోవచ్చు. పలకను గాస్కెట్ కాగితం మీద పెట్టి గీత గీసుకుని, ముందు స్క్రూ రంధ్రాలు, తర్వాత లోపలి వృత్తం, చివరికి బయటి అంచు కత్తిరించండి. ఈ వరుసలో చేస్తే కాగితం చిరగదు. మందం మాత్రం పాతదానికి సమానంగా ఉండాలి. పలకకూ లోపల తిరిగే క్రాంక్ పిన్నుకూ మధ్య ఖాళీని కూడా కొన్ని ఇంజన్లలో ఆ గాస్కెట్ మందమే నిర్ణయిస్తుంది. మరీ పలుచనైతే లోహం లోహానికి తగలవచ్చు. బిగించే ముందు కాగితానికి రెండు వైపులా కాస్త ఆయిల్ రాస్తే చక్కగా కూర్చుంటుంది, మళ్ళీ విప్పినప్పుడు ముక్కలు కాకుండా వస్తుంది.

ఇక్కడే మీ మిత్రుని సిలికాన్ సలహా గురించి చెప్పాలి. క్రాంక్‌కేస్‌కు సంబంధించిన ఏ అతుకులోనూ సీలెంట్ పెట్టకండి. పలకను నొక్కినప్పుడు అది బయటికే కాదు, లోపలికీ ఉబికి వస్తుంది. లోపల ఉబికిన ముక్క ఎప్పుడో ఒకప్పుడు ఊడి, మిశ్రమంతో పాటు బేరింగులోకో సిలిండర్ దారుల్లోకో చేరుతుంది. బయటి నుంచి పూసే సీలెంట్ కూడా జిడ్డు మీద పట్టదు. ఒకవేళ పట్టినా అది లీకును ఆపదు, కళ్ళకు కనిపించకుండా దాచుతుంది.

సీలెంట్‌కు సరైన చోటు సైలెన్సర్ అతుకు. అక్కడి లీకు వల్ల గాలి ఇంజనులోకి పోదు కాబట్టి తొందరేమీ లేదు. అయితే మీ ట్యాంకుకు ఒత్తిడి సైలెన్సర్ మీది చిన్న గొట్టం ద్వారానే వస్తుంటే, అతుకు బాగా వదులైనప్పుడు ఆ ఒత్తిడి తగ్గి, ఫుల్ థ్రోటిల్‌లో ఇంధనం చాలకపోవచ్చు. సైలెన్సర్‌ను విప్పి, రెండు ముఖాల మీది నల్లటి పొరను తుడిచి, చదునైన గాజు పలక మీద సన్నరకం నీటి ఎమరీ కాగితం పరిచి, సైలెన్సర్ ముఖాన్ని దాని మీద వృత్తాకారంగా నాలుగు సార్లు రుద్దండి. మెరుపు ముఖమంతటా సమానంగా వస్తే అది చదునుగా ఉన్నట్టు. ఒకే మూల మెరిస్తే అంతటా మెరిసేదాకా రుద్దాలి. ఆ తర్వాత ఆల్కహాల్‌తో ఆయిల్ జాడ లేకుండా కడిగి, అధిక ఉష్ణోగ్రతను తట్టుకునే ఆర్‌టీవీ (గది వేడిలోనే గట్టిపడే) సిలికాన్‌ను ఒక ముఖం మీద సన్నని పొరగా రాయండి. బోల్టులను వేళ్ళతో తిరిగినంత వరకే తిప్పి ఓ గంట ఆగి, పొర కాస్త గట్టిపడ్డాక పూర్తిగా బిగించండి. ఇలా చేస్తే సీలెంట్ అంతా బయటికి పిండుకుపోకుండా మధ్యలో ఒక గాస్కెట్‌లా నిలుస్తుంది. 24 గంటలు గడిచేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యకండి. ఒకటి రెండు సార్లు ఎగరేశాక, ఇంజన్ చల్లారిన తర్వాత బోల్టుల బిగుతు మరోసారి చూడండి. స్నానాల గదికి వాడే మామూలు సిలికాన్ ఇక్కడ పనికిరాదు. అది ఆరేటప్పుడు పులుపు వాసనతో వెలువడే ఎసిటిక్ ఆమ్లం లోహానికి మంచిది కాదు, ఆ వేడికి ఆ పొర నిలవదు కూడా.

హెడ్, గ్లో ప్లగ్ దగ్గరి లీకులు గాలిని పీల్చేవి కావు, కంప్రెషన్‌ను, అంటే పిస్టన్ లేచినప్పుడు సిలిండర్‌లో పెరిగే ఒత్తిడిని, పోగొట్టేవి. ప్లగ్ బిగించి, దాని చుట్టూ ఒక చుక్క ఆయిల్ వేసి, ప్రొపెల్లర్‌ను కంప్రెషన్ మీదికి మెల్లగా తిప్పండి. ప్లగ్ అడుగున బుడగలు వస్తే రాగి వాషర్ మార్చాలి. బుడగ ప్లగ్ నడిమి కడ్డీ చుట్టూ వస్తే లోపం ప్లగ్‌లోనే ఉంది, ఎంత బిగించినా లాభం లేదు, కొత్త ప్లగ్ వెయ్యాలి. ఈ రెండో రకాన్ని చాలామంది గమనించరు. హెడ్ అతుకు దగ్గర బుడగలు వస్తే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్క్రూలను ఎదురెదురుగా, రెండు మూడు విడతలుగా బిగించి చూడండి. దానితో ఆగకపోతేనే హెడ్ విప్పండి.

ప్రొపెల్లర్ వెనక కనిపించే ఆయిల్ గురించి మీకు ఎక్కువ బెంగ ఉన్నట్టుంది. అది అన్నిటికంటే తక్కువ బెంగ పడవలసిన చోటు. క్రాంక్‌షాఫ్ట్‌కూ దాని గూటికీ మధ్య ఉండే అతి సన్నని ఖాళీలో రబ్బరు సీలు ఏదీ ఉండదు. అక్కడ నిలిచే ఆయిల్ పొరే సీలు. పిస్టన్ దిగినప్పుడల్లా కొద్దిపాటి ఆయిల్ ఆ ఖాళీ గుండా ముందుకు వచ్చి ముందు బేరింగ్‌ను తడుపుతుంది. ఆ బేరింగ్‌కు దక్కే ఆయిల్ అదే. కాబట్టి ఒకసారి ఎగరేసిన తర్వాత స్పిన్నర్ (ప్రొపెల్లర్ నడిమి ముక్కు తొడుగు) వెనక పలుచని తడి, ఒకటి రెండు చుక్కలు ఉంటే అలాగే వదిలెయ్యండి. దాన్ని పూర్తిగా ఆపాలని చూస్తే బేరింగ్ ఎండిపోతుంది.

ఎప్పుడు పట్టించుకోవాలంటే, ఆయిల్ ప్రొపెల్లర్ వెనక నుంచి చక్రాకారంగా చిమ్మి విమానం ముక్కు రెండు పక్కలా గీతలు పడుతున్నప్పుడు, లేదా అది నల్లగా ఉన్నప్పుడు, లేదా ప్లగ్ తీసి షాఫ్ట్‌ను తిప్పితే వేళ్ళకు గరగరమని తెలుస్తున్నప్పుడు. గరగర అంటే బేరింగ్‌కు తుప్పు పట్టినట్టే. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, లోపల ఇంధనం మిగిల్చి రోజుల తరబడి పక్కన పెట్టిన ఇంజనులో బేరింగులకు తుప్పు తప్పదు. వాడిన ఇంజన్ కొన్నవారు ఇది తప్పకుండా చూసుకోవాలి. ముందు బేరింగ్‌ను ఒక వైపు రబ్బరు మూత ఉన్న రకంతో మార్చితే చిమ్మడం చాలావరకు తగ్గుతుంది. మూత ఉన్న వైపు ప్రొపెల్లర్ దిక్కుకు, తెరిచిన వైపు ఇంజన్ లోపలికి ఉండాలి. తిరగేసి పెడితే లోపలి నుంచి వచ్చే ఆయిల్ బేరింగ్‌కు అందదు. పాత బేరింగ్‌ను సుత్తితో కొట్టి తీయకండి. కార్బ్యురేటర్, ఓ-రింగులు, లోపలి భాగాలు అన్నీ విప్పేసి, ఉత్త క్రాంక్‌కేస్‌ను వంటకు వాడని ఓవెన్‌లో సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే, ఉక్కు కంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది గనుక, బేరింగ్ పట్టు వదిలి ఒక చిన్న తట్టుకే జారి వస్తుంది. కొత్తదాన్ని కూడా క్రాంక్‌కేస్ వేడిగా ఉండగానే నిటారుగా జారవిడవాలి. కొత్త బేరింగ్ వేశాక కూడా చిమ్మడం, స్లోలో అస్థిరత అలాగే ఉంటే, షాఫ్ట్ గాని గూడు గాని అరిగిపోయిందన్న మాట. దానికి ఇంటి వైద్యం లేదు. మీ రెండో మిత్రుని మాట వినవలసింది ఆ ఒక్క సందర్భంలోనే.

ఇంజన్ కింద ప్లైవుడ్ గోడ మీది తడికి మాత్రం ఇంజన్ కారణం కాకపోవచ్చు. ట్యాంకు బయటికి తీసి, ఒక గొట్టం మినహా మిగిలినవన్నీ మూసి, ట్యాంకును నీటిలో ముంచి, ఆ గొట్టంలోకి మెల్లగా గాలి ఊదండి. రబ్బరు బిరడా చుట్టూ గాని ఇత్తడి గొట్టం బిరడాలోకి దిగే చోట గాని బుడగలు వస్తే మీ ప్లైవుడ్‌ను తడుపుతున్నది అదే. ఈ లీకును నేను చిన్నదని అనను. ఇంధనం ఇంకిన చెక్క మెత్తబడుతుంది, అతుకుల పట్టు సడలుతుంది, ఒకనాడు ఇంజన్ మౌంటు గోడతో సహా ఊడి రావచ్చు. తడిసిన చెక్క మీద మొక్కజొన్న పిండి మందంగా చల్లి ఒక రాత్రి ఉంచితే చాలావరకు ఆయిల్‌ను పీల్చుకుంటుంది. రెండు మూడు సార్లు పిండి మార్చి, ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక పలుచని ఎపాక్సీ పూత వెయ్యండి. మౌంటు స్క్రూల రంధ్రాల లోపలి అంచులకు కూడా ఆ పూత అందాలి. ఆయిల్ చెక్కలోకి దిగేది ఎక్కువగా ఆ దారినే.

రేపు మీరు ఫోర్ స్ట్రోక్ ఇంజన్ కొంటే, దాని క్రాంక్‌కేస్ అడుగునో వెనకనో ఉండే చిన్న గొట్టం నుంచి ఆయిల్ కారడం చూసి కంగారు పడకండి. అది ఊపిరి గొట్టం, ఆయిల్ రావలసిన చోటే అది. దానికి మరో గొట్టం తగిలించి విమానం బయటికి దారి చూపండి, ఎప్పుడూ మూయకండి. మూస్తే లోపల ఒత్తిడి పెరిగి, పుష్‌రాడ్ గొట్టాల ఓ-రింగుల దగ్గర, రాకర్ మూత దగ్గర కొత్త లీకులు మొదలవుతాయి. పెట్రోల్ ఇంజన్లకు పైన చెప్పిన పద్ధతే వర్తిస్తుంది గాని, సిలికాన్ గొట్టాలు పెట్రోల్‌కు ఉబ్బి చెడిపోతాయి కాబట్టి వాటికి పెట్రోల్‌ను తట్టుకునే గొట్టాలే వాడాలి.

మరమ్మతు అయ్యాక చెయ్యవలసిన పని ఒకటి మిగిలి ఉంటుంది, అది చెయ్యకపోతే మీ శ్రమంతా వృథా అయినట్టే కనిపిస్తుంది. లీకు ఉన్నన్నాళ్ళూ ఆ అదనపు గాలికి సరిపోయేలా మీరో, మీకంటే ముందు వాడినవారో స్లో నీడిల్‌ను ఎక్కువగా తెరిచి ఉంటారు. ఇప్పుడు గాలి ఆగింది గాని నీడిల్ అక్కడే ఉంది, కాబట్టి మిశ్రమం రిచ్ అవుతుంది, అంటే ఇంధనం పాలు ఎక్కువవుతుంది. ఇంజన్ స్లోలో గుడగుడలాడుతూ, పొగ ఎక్కువగా వదులుతూ ఆగిపోతుంది. మరమ్మతు చెడిందనుకుని మళ్ళీ విప్పడం మొదలుపెట్టకండి. ముందు మెయిన్ నీడిల్‌ను ఫుల్ థ్రోటిల్‌లో అత్యధిక వేగం వచ్చే చోటు నుంచి కాస్త రిచ్ వైపుకు సరిచేసుకోండి. తర్వాత థ్రోటిల్ తగ్గించి, ప్రొపెల్లర్‌కు వెనక నిలబడి, ఇంధన గొట్టాన్ని వేళ్ళతో నొక్కి పట్టండి. వేగం బాగా పెరిగి ఆ తర్వాత ఆగితే ఇంకా రిచ్‌గా ఉన్నట్టు, పెరగకుండా వెంటనే ఆగితే లీన్‌గా ఉన్నట్టు. రెండు మూడు సెకన్లు నడిచి, వేగం కొద్దిగా మాత్రమే పెరిగి ఆగేదాకా స్లో నీడిల్‌ను ఒక్కోసారి పావు చుట్టు కంటే తక్కువగా తిప్పుతూ రండి. ఇంజన్ ఆపిన ప్రతిసారీ ప్లగ్ బ్యాటరీ తీసిన తర్వాతే నీడిల్ మీద చెయ్యి వెయ్యండి. ఈ సర్దుబాటు తర్వాత థ్రోటిల్ దించగానే వేగం దిగి, స్లో ఒక నిమిషం పాటు మారకుండా నిలిస్తే మీ లీకు పోయినట్టే. అప్పటికీ స్పిన్నర్ వెనక చుక్క కనిపిస్తే గుడ్డతో తుడిచి ఎగరేసుకోండి.